పాల మీదున్న చేను

మొన్న శుక్రవారం సాయంత్రం ఇక్కడ సౌదీలో, ఉనైజాలో మా ఇంటి దగ్గర కొత్తగా తెరిచిన మాల్‌కి వెళ్లాం. నాకు మాల్ అంటే ఏసీలో కాసేపు నడవడం, మా ఆవిడకు మాల్ అంటే అన్నీ చేత్తో ముట్టుకుని ఎక్కడివక్కడ పెట్టేసి రావడం. పై అంతస్తులో ఒక బండి దగ్గర ఫిలిప్పీన్స్ అమ్మాయి కాగితపు కప్పుల్లో ఉడికించిన మొక్కజొన్న గింజలు పోసి అమ్ముతోంది. గింజల మీద వెన్న, వెన్న మీద చీజు, చీజు మీద ఎర్రటి చిప్స్ పొడి. నిజం చెప్పొద్దూ, వాసన బాగానే ఉంది. ఇద్దరికీ కలిపి ఒక కప్పు తీసుకుని బల్ల మీద కూర్చున్నాం. మా ఆవిడ రెండు గింజలు నోట్లో వేసుకుని, "తియ్యగున్నయి గని మక్కలోలె లేవు," అంది. ఇంకో చెంచా తిని, ఆగి, "బావ చూస్తే ఏమంటడో," అంది. బావ అంటే మా ఆవిడ అక్క భర్త, నాకు షడ్డకుడు. ఆ మాట తర్వాత మేమిద్దరం మొక్కజొన్న గురించి ఇంకేం మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆయన ఇక్కడ ఉద్యోగం పోగొట్టుకున్న సంగతి దగ్గరికే వెళతాం, ఆ దారి మాకు బాగా తెలుసు. ఇంటికొచ్చాక నాకు మనసు ఊరుకోలేదు. మనవాళ్లలో ఆ కథ నాలుగు రకాలుగా తిరుగుతోంది, నాలుగూ తప్పే. జరిగింది జరిగినట్టు నేను రాస్తే పోతుంది గదా అనిపించింది.

షడ్డకులన్నాక అత్తగారింట్లో తూకం తప్పదు. మా మామగారిది జగిత్యాల దగ్గర పల్లె. పెద్దల్లుడు ఆ ఇంటికి వస్తే చెప్పులు విడవకముందే కొట్టంలోకి వెళ్లి బర్రె పొదుగు చూసి వచ్చేవాడు. చిన్నల్లుణ్ణి నేను వస్తే ఫ్యాను కింద కుర్చీ ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. మా మామ నాకు మర్యాద చేసేవాడు, ఆయనతో మాట్లాడేవాడు. ఆ తేడా ఏమిటో అల్లుళ్లకే తెలుస్తుంది. నాకు మొదట్లో ఒళ్లు మండేది, అబద్ధమెందుకు. కానీ ఆయన నన్ను తమ్మీ అని పిలిచి, పండుగకు వెళ్తే తన పక్కనే మంచం వేయించి, పొద్దున్నే లేపి చేనుకు తీసుకుపోయేవాడు. చేనంతా తిప్పి చూపించి, నాకేమీ అర్థం కాలేదని తెలిసినా, "ఎట్లుంది?" అని అడిగేవాడు. బాగుందన్నా అనేవాణ్ణి. ఆ ఒక్క మాటకే మురిసిపోయేవాడు. అలాంటి మనిషి మీద ఎంతకాలమని మండుతాం? పైగా వరసకు షడ్డకుడే అయినా అన్నా అని పిలవడం అలవాటైపోయింది, పిలుపు వచ్చాక ప్రేమ దాని వెంటే వచ్చింది.

నేను అప్పటికే ఉనైజాలో ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రం ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి, ఇప్పుడూ అదే పని. ఊళ్లో ఖర్జూర తోటలు, ఊరికి దూరంగా ఎడారిలో పచ్చిమేత పొలాలు, అన్నీ ఒకే యజమానివి. అన్న ఊళ్లో బోరు ఎండిపోయి, పెద్ద బిడ్డ నర్సింగ్ చదువులో చేరిన కాలం అది. ఆ పిల్ల చదువు పూర్తయ్యేదాకా ఎట్లాగో లాగాలి, అదొక్కటే ఆయన లెక్క. నేను మా పొలాల ముహందిస్ చెవిలో ఒక మాట వేశాను. ముహందిస్ అంటే ఇంజనీరు, ఈజిప్టు మనిషి, వ్యవసాయం చదివినవాడు, గొంతు పెద్దది. "రైతేనా, నిజం రైతేనా, లేక నీలాంటి రైతా?" అని అడిగాడు. నిజం రైతే అన్నాను. అలా అన్న సౌదీ వచ్చాడు. ఆయన పని నిలబడితే మా అత్తగారింట్లో నా మర్యాద నిలబడుతుంది, ఆయన పని పోతే మా ఆవిడ, వాళ్లక్క కలిసి నన్ను ఏం చేస్తారో నాకు తెలుసు. కాబట్టి ఆయన ఎలా పనిచేస్తున్నాడో మొదట్లో నేను రోజూ కనుక్కునేవాణ్ణి.

ఆయనకు ఇచ్చిన పని పివట్ చూసుకోవడం. ఇది చూడనివాళ్లకు చెప్పాలంటే, నడుమ బోరు, ఆ బోరు నుంచి చక్రాల మీద నిలబెట్టిన పొడుగాటి ఇనుప గొట్టం. ఆ గొట్టం గడియారం ముల్లులా మెల్లగా తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. తిరిగినంత మేరే పచ్చగా ఉంటుంది, కాబట్టి చేను గుండ్రంగా ఉంటుంది. అన్న మొదటి రోజే చుట్టూ నడిచి వచ్చి, "మూలలు లేని చేనేంది తమ్మీ? కందులేడ వెట్టాలె, అనుములేడ వెట్టాలె?" అని బెంగపడ్డాడు. తర్వాత ఎవరినీ అడక్కుండా పంపు షెడ్డు పక్కన గోంగూర పెట్టాడు. ఆ గోంగూర మా ఇంటికి ప్రతి శుక్రవారం వచ్చేది. ఇక ఆ పివట్‌లో వేసే పంట మొక్కజొన్న అని తెలిసిన రోజు ఆయన ఆనందం చూడాలి. "మక్కనా! నాకన్న ముందుగాలనే వచ్చి కూసున్నదా గిది!" అన్నాడు, సొంతూరి మనిషి బస్టాండులో ఎదురుపడ్డట్టు.

ఆయన అన్నది అబద్ధమూ కాదు. మొక్కజొన్నంత తిరుగుబోతు పంట ఇంకోటి లేదు. మా వైపు దాన్ని మక్క అంటాం. హాజీలు మక్కా నుంచి కొంగున కట్టుకొచ్చారని మా తాత గట్టిగా నమ్మేవాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా యజమానిని అడిగితే నవ్వి, మక్కాలో కొండలు తప్ప పొలాలెక్కడివయ్యా, ఇది షామ్ నుంచి వచ్చి ఉంటుంది అన్నాడు. ముహందిస్ కూడా వాళ్ల ఊళ్లో దీన్ని షామీ జొన్న అనే అంటారని చెప్పాడు, అంటే సిరియా వైపుది అని. టర్కీ వాళ్లేమో దీన్ని ఈజిప్టు పేరుతో పిలుస్తారట. ఇటలీ వాళ్లు టర్కీ గింజ అంటారట. ఎవరిని అడిగినా పక్కింటివాడి వైపు చెయ్యి చూపిస్తాడు. నేను ఫోనులో వెతికి చదివితే తేలిందేమంటే, దాని పుట్టిల్లు మెక్సికో. వేల ఏళ్ల కింద అక్కడివాళ్లు పనికిరాని ఒక గడ్డిని పట్టుకుని, కాస్త పెద్ద గింజ ఉన్నదాన్నల్లా ఏరి మళ్లీ విత్తి, తరాల తరబడి సాకి ఈ కంకిని చేశారు. అందుకే మనిషి చెయ్యి లేకపోతే అది బతకదు. కంకి పొత్తిలోంచి గింజ తనంతట తాను రాలి మొలవలేదు, ఎవరో ఒలవాలి, ఎవరో విత్తాలి.

ఇంకో సంగతి చదివి నాకు మతి పోయింది. మెక్సికోలో ఆడవాళ్లు ఈ గింజల్ని ఊరికే వండరట, సున్నం నీళ్లలో ఉడికించి, కడిగి, అప్పుడు రుబ్బుతారట. తమలపాకుకు రాసుకునే సున్నమే. అలా చేస్తేనే గింజలో ఉన్న సారం ఒంటికి పడుతుంది. ఓడల్లో వచ్చిన తెల్లవాళ్లు విత్తనం మూట కట్టుకుపోయారు గానీ, ఎలా వండాలో ఆ ఆడవాళ్లను అడగలేదు. అడిగేంత బుద్ధి ఉంటే వాళ్లు అక్కడ చేసిన పనులే వేరుగా ఉండేవి. తర్వాత మొక్కజొన్న మీదే బతికిన బీదవాళ్లకు ఇటలీలో, అమెరికాలో చర్మం పగిలి, మతి తప్పి, చాలామంది చచ్చిపోయారు. గింజ తప్పేమీ లేదు, సున్నం రాలేదు, అంతే. ఇది చెబితే అన్న, "మా అవ్వ గట్కల మజ్జిగ వోసేది, పప్పు వోసేది. ఉత్తగ ఎన్నడు తిననియ్యలే," అన్నాడు. మక్కల్ని పగలగొట్టి రవ్వలా వండుకునేదే గట్క. వరి అన్నం పండుగనాడు మాత్రమే దొరికిన రోజుల్లో మా ఊళ్లు దాని మీదే నడిచాయి. ఇప్పుడు మా ఊళ్ల మక్కలన్నీ కోళ్లఫారాలకు పోతున్నాయి. ఇక్కడికైతే బ్రెజిల్ నుంచి ఓడల్లో దమ్మామ్ రేవుకు వచ్చి, అక్కడి నుంచి లారీల్లో కోళ్లకే పోతాయి. ప్రపంచంలో పండే మొక్కజొన్నలో ఎక్కువ భాగం మనిషి నోటికి నేరుగా చేరదట. ఇదంతా అన్నకు చెప్పాను గానీ, మా పివట్ మొక్కజొన్న ఎవరి కోసమో చెప్పాలని నాకు తోచలేదు, ఆయనకు తెలుసనుకున్నాను.

మొదటి పంట నిలువెత్తు పెరిగింది. కంకులు పాలు పట్టాయి. అన్న సాయంత్రం బొగ్గులు రాజేసి, కంకులు కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది పనివాళ్లుండే క్యాంపులో అందరికీ పెట్టాడు. ఆ వారంలోనే హార్వెస్టర్ వచ్చింది. మా ఊరి కోత మిషన్ లాంటిది కాదిది. కంకి, ఆకు, కాండం అన్న తేడా లేకుండా పచ్చి చేనును మొదలంటా నరికి, ముక్కలు చేసి, పక్కనే నడుస్తున్న లారీలోకి చిమ్ముతుంది. ఆ ముక్కల్ని పెద్ద గుంతలో పోసి, ట్రాక్టరుతో తొక్కించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి మాగబెడతారు. పాతరగడ్డి అంటారు మనవాళ్లు. పాల డెయిరీల ఆవులకు అదే మేత. పాలు పట్టి, గింజ సగం గట్టిపడుతున్నప్పుడే కోయాలి. దాటితే పనికిరాదు. అన్న పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా గట్టున నిలబడి చూశాడట. ఆ శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చి, విస్తరి ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"పాల మీదున్న చేనును ఎవడన్న కోస్తడా తమ్మీ?" అన్నాడు. "మా నాయన ఉంటే తన్నేటోడు."

"మరి మనం కాల్చుకుని తినేవి పాలకంకులు కావా అన్నా?" అన్నాను. నాకు నోరు ఊరుకోదు.

"అవి తినెతందుకు తెంపుతం. ఒక్కటి తెంపితే పది చేన్ల ఉంటయి. గిదట్లనా? చేనుకు చేనే పానం తీసుడు. గింజ మనిషికి, సొప్ప గొడ్డుకు. రెండు గలిపి నరికి పాతర వెట్టుడేంది?"

"ఆవు పాలు మనిషే తాగుతాడు గదా."

"నీతోని మాట్లాడుడు నాదే తప్పు," అన్నాడు. మా ఆవిడ పప్పు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, "బావా, ముందుగాల నువ్వు తిను. చేను కోసిండ్రని పస్తులుంటరా ఎవరన్న?" అని కోప్పడితే తిన్నాడు. నేను దాన్ని అంతటితో మర్చిపోయాను. కొత్తలో అందరికీ ఏదో ఒకటి మింగుడుపడదు, తర్వాత అలవాటైపోతుంది, నాకు ఎండ అలవాటు కాలేదా అనుకున్నాను.

ఎండాకాలం చివర రెండో పంట వేశారు. అది కోతకు వచ్చే వేళకు ముహందిస్ కూతురి పెళ్లి కుదిరి ఈజిప్టు బయల్దేరాడు. వెళ్లేముందు అన్నను పొలంలో నిలబెట్టి, కంకిని మధ్యకు విరిచి, గింజ మీద పసుపు ఎక్కడిదాకా వచ్చింది, పాలు ఎక్కడ మొదలయ్యాయి చూపించాడు. ఆ గీత గింజలో సగానికి దిగగానే నాకు ఫోనులో చెప్పు, హార్వెస్టర్ నేను పంపిస్తాను అన్నాడు. అన్నకు భాష రాక అర్థం కాలేదని తర్వాత చాలామంది చాలా చోట్ల అన్నారు. నేను అక్కడే ఉన్నాను. బ్రహ్మాండంగా అర్థమైంది. ఆయన ఇంకో కంకి విరిచి, వేలు పెట్టి గీత చూపించి, ఇక్కడికి రాగానే గదా అని సైగ చేస్తే, ముహందిస్ భుజం తట్టాడు.

ఆ తర్వాత ముహందిస్ రెండు మూడు రోజులకోసారి పెళ్లి సందడిలోంచి ఫోను చేసేవాడు. అన్న "లిస్సా" అనేవాడు. లిస్సా అంటే ఇంకా లేదు అని. అన్నకు వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో అదొకటి. ముహందిస్‌కు మహా సంతోషం, తొందరపడని మనిషి దొరికాడని నాకు కూడా ఫోను చేసి చెప్పాడు. పెళ్లయ్యాక చుట్టాలు ఆపారని ఇంకొన్నాళ్లు ఉండిపోయాడు. అన్న లిస్సా అంటూనే ఉన్నాడు. ఆ పివట్ మా ఆఫీసుకు దూరం, మిగతా అందరూ ఖర్జూరం పనుల్లో మునిగి ఉన్నారు. నేను కూడా పంపు మరమ్మతు పని మీద ఒక మధ్యాహ్నం అటు వెళ్లి ఉండకపోతే ముహందిస్ వచ్చేదాకా ఎవరికీ తెలిసేది కాదు. బండి దిగకముందే చేను రంగు కనిపించింది. మొత్తం ఎండిపోయి, పొత్తులు విచ్చుకుని, కంకులు కిందికి వేలాడుతున్నాయి. గాలికి ఆకులు గలగలమంటున్నాయి. 

అన్న షెడ్డు నీడలో కూర్చుని గోంగూర తెంపుతున్నాడు. "ఏం జేసినవన్నా?" అన్నాను.

"పండనిచ్చిన," అన్నాడు.

"అన్నా, నీకు తెల్వదా? డెయిరోడు దీన్ని ముట్టడు. ఖురూజ్ కొట్టి, వీసా తీసేసి ఇంటికి పంపుతరు. బిడ్డకు ఇంకో ఏడాది చదువుంది."

"ఎర్కే."

"ఎరికుండి చేసినవా?"

ఆయన ఆకు తెంపడం ఆపాడు. "నోట్లెకెల్లి మాట రాలే తమ్మీ. రోజు పొద్దుగాల చెప్పుదామనే వోతుంటి. కంకి ఇరుస్తుంటి. పాలు అవుపడుతుండె. ఫోనొస్తే లిస్సా అంటుంటి. మల్ల తెల్లారి అట్లనే. గీత దిగిపోయినంక ఇగ జెప్పేదేమున్నది?" అన్నాడు. నాకు ఆయన్ని పట్టుకుని తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, పోయేటప్పుడు గోంగూర కట్ట నా చేతిలో పెట్టాడు. ఇంటికెళ్లి మా ఆవిడకు చెబితే కట్ట చేతిలో పట్టుకునే కూలబడి ఏడ్చింది.

ముహందిస్ వచ్చి అరిచిన అరుపులు క్యాంపు దాటి వినిపించాయి. ఆయన అరవడంలో న్యాయం ఉంది, పోయేది ఆయన పేరు. డెయిరీ మనిషి వచ్చి గుప్పెడు ఆకులు నలిపి, దులిపేసి వెళ్లిపోయాడు. ఎండిన చొప్ప గుంతలో అణగదు, గాలి దూరి బూజు పడుతుంది, గట్టి గింజ ఆవు తిన్నా అరక్కుండా బయటికే వస్తుంది. ఇక మిగిలింది యజమాని. పెద్దాయన, కర్ర ఊతంతో నడుస్తాడు, గొంతు ఎప్పుడూ పెంచడు, అందుకే మాకందరికీ భయం. మరునాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కారులో వచ్చాడు. గట్టున నేను, అన్న, ముహందిస్ వరసగా నిలబడ్డాం. పెద్దాయన కంకి ఒకటి విరిచి, అరచేతిలో గింజలు రాల్చుకుని, ఒకటి పంటికింద పెట్టి కొరికాడు.  తర్వాత నా వైపు తిరిగి, "కోత సమయం ఇతనికి తెలుసా, తెలియదా? అడుగు," అన్నాడు.

నేను అన్నతో తెలుగులో గబగబా చెప్పాను. "అన్నా, దండం పెడత, నా మాటిను. ముహందిస్ చెప్పింది సమజ్ గాలేదని చెప్తున్న. భాష రాదని అందరికీ ఎరికే. నువ్వు తల దించుకుని నిలబడు, చాలు. నౌకరి ఉంటది." ఆ మాట అంటే నిజంగానే ఉద్యోగం నిలబడేది. భాష రానివాడి పొరపాటును ఈ దేశంలో నేను చాలాసార్లు క్షమించగా చూశాను, తెలిసి చేసినదాన్ని ఎన్నడూ చూడలేదు.

అన్న నా వంక, ముహందిస్ వంక చూశాడు. "గట్ల చెప్తే ఆయన సరిగ్గ చెప్పలేదనే గద అయితది," అన్నాడు. "పాపం, ఆయన మంచిగ చెప్పిండు. బిడ్డ పెండ్లి చేసుకొని వచ్చిండు. నాకు ఎరికుండే జేసిన అని చెప్పు."

"బిడ్డ చదువో?"

"నా బిడ్డ కోసమని ఇంకోని మీద మన్ను వొయ్యాల్నా తమ్మీ? చెప్పు."

పెద్దాయన ఏమంటున్నాడని అడిగాడు.  నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అతనికి తెలుసట, ముహందిస్ సరిగ్గానే చెప్పాడట, పాలు పట్టిన గింజను కోయించడానికి మనసొప్పలేదట అని.  పెద్దాయన చేతిలో మిగిలిన గింజల్ని జేబులో వేసుకున్నాడు. "నా తండ్రి సజ్జ చేను కోతకు ముందు ఇలాగే కొరికి చూసేవాడు," అన్నాడు. "గింజ బాగుంది. మంచివాడు. కానీ ఇది చేను కాదు, ఆవులకు వంటిల్లు. వంటవాడు పొయ్యి ఆర్పితే ఇంట్లో ఉంచుకోలేను." కంకులు చేత్తో విరిపించమని, ఆ పని అయ్యాక అన్నకు ఖురూజ్ వేయించమని, జీతంలో ఏమీ పట్టుకోవద్దని ముహందిస్‌కు చెప్పి కారెక్కాడు. అన్నకు నేను తర్జుమా చేస్తే, "న్యాయమే," అన్నాడు. ఆ న్యాయం నాకైతే ఇప్పటికీ మింగుడుపడలేదు, తప్పని మాత్రం చెప్పలేను.

కంకులు విరవడానికి క్యాంపులో ఉన్నవాళ్లంతా దిగారు. గింజలు గొర్రెలకు దాణాగా పోతాయి, మీకు కావలసినంత తీసుకోండి అని పెద్దాయన మాట. అప్పుడు చూడాలి తమాషా. పాకిస్తానీ ట్రాక్టరు డ్రైవరు మక్కీ రొట్టె అంటే మా పంజాబుదే, మిగతావి రొట్టెలే కావన్నాడు. నేపాలీ కుర్రాళ్లు ఇసుకలో గింజలు వేయించి, కొండల్లో మేం దీన్ని తినే పెరిగాం, మీకేం తెలుసన్నారు. మెక్సికో సంగతి నేను చెప్పబోతే ఒక్కడూ వినలేదు. ఎవడికి వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గొర్రెల దాణా కోసం బార్లీ నలగ్గొట్టే మిషన్ ఉంది, అందులో వేస్తే గింజ ముక్కలై గట్కకు సరిగ్గా సరిపోయింది. అన్న పెద్ద గిన్నెలో గట్క వండాడు. మా ఆవిడ ఇంట్లో పచ్చిపులుసు చేసి, గిన్నె ఒలకకుండా పట్టుకొమ్మని నాకు పదిసార్లు చెప్పి పంపింది. అన్నిటికన్నా వింత ముహందిస్. సాయంత్రం చేతిలో మెంతిపొడి డబ్బాతో వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, గట్క జల్లిస్తే దిగిన మొక్కజొన్న పిండిలో మెంతిపొడి కలిపి, వాళ్లమ్మ చేసే రొట్టె తానే కాల్చాడు. మొదటి రొట్టె మాడిపోయింది. రెండోది తెచ్చి అన్న పళ్లెంలో పెట్టి, ఆయన పక్కనే చాప మీద కూర్చున్నాడు. అన్న ఆయనకు గట్క పెట్టి పైన పచ్చిపులుసు పోశాడు. ముహందిస్‌కు కారం తగిలి కళ్ల నీళ్లు వచ్చాయి, తుడుచుకుంటూనే తిన్నాడు. వాళ్లిద్దరికీ నా తర్జుమా అక్కర్లేకపోయింది. నేను అవతలికి తిరిగి కూర్చున్నాను, నాకూ ఏడుపొచ్చింది.

అన్న వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో నాతో, "గోంగూరకు నీళ్లు వొయ్యమను," అని మాత్రం అన్నాడు. అత్తగారింట్లో నేను భయపడినట్టు నన్నెవరూ ఏమీ అనలేదు. మా వదిన ఒక్క మాట కూడా ఎత్తలేదు, అదే కష్టంగా తోచింది. పొలాల్లో మేత పంటలు కూడా ఆ తర్వాత నీళ్ల కరువుకు తగ్గించేశారు. మేత ఇప్పుడు ఎక్కువగా బయటి నుంచే వస్తుంది.

ఆ వచ్చే వానాకాలం అన్న ఊళ్లో మక్క వేశాడు. వానలు బాగా పడ్డాయి, చేను ఫోటోలు పంపాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా ఫోను చేశాడు. వెనక ఏదో మిషన్ రొద. "ఇనవడుతుందా తమ్మీ?" అన్నాడు. నాకు ఆ చప్పుడు వెంటనే గుర్తొచ్చింది. ఇప్పుడు మా ఊళ్లకూ పాతరగడ్డి వ్యాపారులు వస్తున్నారు, చేను పచ్చగా ఉండగానే మొత్తానికి బేరం మాట్లాడి కోసుకుపోతారు. పిల్ల ఆఖరి ఏడాది ఫీజుకు గడువు దగ్గరపడింది. కంకి ఎండి, ఒలిచి, మార్కెట్‌కు తోలేదాకా కాలేజీ వాళ్లు ఆగరు.

"పాల మీదనే ఉన్నదా?" అని అడిగాను.

"పాల మీదనే ఉన్నది."

"నువ్వు ఇంటికి పోరాదన్నా. అక్కడెందుకు నిలబడ్డవ్?"

"పరాయోని చేనైతే ఇంటికాడ పండుకుందును. నాదాయె. నిలవడొద్దా?" అన్నాడు. తర్వాత ఇద్దరం ఫోను పెట్టేయలేదు. మిషన్ చివరి సాలు దాకా వెళ్లి ఆగింది. ఆ పిల్ల ఇప్పుడు కరీంనగర్‌లో నర్సు, మంచి నర్సని పేరు. అన్న ఈ ఏడు కూడా మక్కే వేశాడు, ఇంకా పూత మీద ఉందట. గింజ గట్టిపడేదాకా ఆగడానికి ఆయనకు ఈసారైనా కాలం దొరకాలని నేను ఇక్కడ రోజులు లెక్కపెడుతున్నాను.